ముందు ఆ క్రీమ్ డబ్బా వెనక్కి తిప్పి చూడండి

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. ముఖం జిడ్డుగా ఉంటుంది, మొటిమలు వస్తాయి. వీడియోలు చూసి ఎనిమిది రకాలు కొన్నాను. పార్లర్‌లో ఇచ్చిన ఒక తెల్ల క్రీమ్ కూడా మూడు నెలలుగా రాత్రిపూట రాస్తున్నాను. నా చర్మానికి సరిపడే స్కిన్‌కేర్ రొటీన్ ఎలా పెట్టుకోవాలి? ఏది ముందు, ఏది తర్వాత?

జవాబు:

మీరు ఎనిమిది రకాల వరుస అడిగారు. నాకు మాత్రం ఆ తెల్ల క్రీమ్ చదవగానే గుండె ఝల్లుమంది. అందుకే ముందు దాని గురించే చెబుతాను. వరుస ఐదు నిమిషాల పని.

మాది తిరుపతి. 2019లో నాకు పాతికేళ్ళు. ఫైనాన్స్‌లో కలెక్షన్ ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి బండెక్కితే రేణిగుంట, పుత్తూరు, నగరి అన్నీ తిరిగి చీకటి పడ్డాక ఇల్లు చేరేవాణ్ణి. హెల్మెట్ లోపల చెమట, తలకు పెట్టుకున్న కొబ్బరి నూనె కలిసి నుదుటి మీదికి కారేవి. దానిమీద లారీల దుమ్ము. నుదుటి నిండా మొటిమలు, దవడ మీద హెల్మెట్ పట్టీ ఒరుసుకునే చోట మొటిమలు. నాది జిడ్డు చర్మమని నేనే తీర్మానం చేసుకుని, రోజుకు ఐదారుసార్లు ఒంటి సబ్బుతో ముఖం తోమేవాణ్ణి. మా వీధిలో బోరు నీళ్ళు. సబ్బు నురగ రాదు, రుద్దిన సబ్బు సరిగా వదలదు. కడిగిన పది నిమిషాలు చర్మం బిగుసుకుపోయేది, గంట తిరిగేసరికి మళ్ళీ జిడ్డు.

సరిగ్గా అప్పుడే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. ఒక చోట ఫోటో చూసి ‘అబ్బాయి కాస్త నలుపు కదా’ అన్నారట. మా పిన్ని ఆ మాటను జాగ్రత్తగా మోసుకొచ్చి మా అమ్మ ముందు పెట్టింది. ఈ రంగు పిచ్చి మీద నాకు ఎప్పటికీ కోపం పోదు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ పేరును గ్లో అండ్ లవ్లీగా మార్చారు. పెళ్ళిచూపుల ఇళ్ళలో మాత్రం ‘పిల్ల ఎరుపా, తెలుపా’ అనే మొదటి ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది. మగపిల్లలకు ఈ బాధ ఉండదనుకుంటారు. ఉంటుంది, కాకపోతే బయటికి చెప్పుకోరు.

తెలిసిన కుర్రాడు ఒక ట్యూబు పేరు చెప్పాడు. మెడికల్ షాపులో అడిగితే చీటీ ఏదని అడగకుండానే చేతిలో పెట్టారు. రెండు వారాల్లో మొటిమలు అణిగిపోయాయి, నెల తిరిగేసరికి రంగు తేలింది. ఆఫీసులో అందరూ ఏం వాడుతున్నావని అడిగేవాళ్ళు. నేను గర్వంగా ఇద్దరు ముగ్గురికి ఆ పేరు చెప్పాను కూడా. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. జనవరి నుంచి మే దాకా, ఒక్క రాత్రి మానకుండా ముఖమంతా రాశాను. ఏప్రిల్‌లోనే ఎండలోకి వెళ్తే చుర్రుమనేది. బుగ్గల మీద సన్నని ఎర్ర నరాలు కనిపించేవి. రంగు వచ్చింది కాబట్టి చర్మం పలుచబడి అలా కనిపిస్తోందని, అది మంచిదేనని నమ్మాను.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వచ్చింది. తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. వారం రోజుల జాతరలో మొక్కున్నవాళ్ళు రోజుకో వేషం కడతారు. బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి నామంకొమ్ము పూస్తారు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్ళు, వాడికి దొర వేషం మొక్కు. వాడికి తోడుగా నేనూ కట్టాను. ఒకే గిన్నెలో కలిపిన చందనం, మా అక్కే ఇద్దరికీ పూసింది.

తొమ్మిదింటికి బయల్దేరాం. డప్పులు, వేపాకులు, కాలు పెట్టను సందు లేని జనం. పదిన్నరకు నా ముఖం మండటం మొదలైంది. చందనం చల్లగా ఉండాలి కదా, ఎండ వల్లేమో అనుకుని ఓర్చుకున్నాను. పదకొండుకు ఇక నిలబడలేక దారిలో ఒక ఇంటి ముందు కుళాయి దగ్గర కూర్చుని కడుక్కున్నాను. ఆ ఇంటావిడ నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. ఫోన్‌లో చూసుకుంటే ముఖం బండ వేషం కట్టినట్టు కుంకుమ రంగులో ఉంది. కళ్ళ కింద వాచింది. నా పక్కనే మా మేనల్లుడు అదే చందనంతో, అదే ఎండలో ఐస్‌ఫ్రూట్ తింటూ హాయిగా ఉన్నాడు. వాడి నున్నటి బుగ్గ చూశాకే, తేడా చందనంలో లేదు నాలోనే ఉందని మొదటిసారి అనుమానం వచ్చింది.

ఇంటికి వెళ్తే మా అవ్వ ఒక్క చూపు చూసి, “అమ్మ పోసిందిరా నాయనా! ఇంకేమీ పూసుకోబాక, పో, పడుకో” అంది. జాతర రోజుల్లో ముఖం అలా ఎర్రగా పొంగితే మా ఇళ్ళల్లో మరో ఆలోచన రాదు. వేపమండలు పరిచింది, అంబలి తాగించింది, గడపకు వేపాకు కట్టింది. అవ్వ చల్లటి చేయి, వేపాకు గాలి ఆ మూడు రోజులూ నాకు చాలా ఊరటనిచ్చాయి. కానీ ఆ మూడు రోజులూ నేను ట్యూబు ముట్టలేదు. ముఖం తగ్గాల్సింది పోయి ఇంకా పొంగింది. చీము పొక్కులు లేచాయి, దిండు తగిలినా మంటే.

నాలుగో రాత్రి అందరూ పడుకున్నాక దొంగచాటుగా ఆ క్రీమే రాసుకున్నాను. తెల్లారేసరికి మంట సగం తగ్గిపోయింది. ఇదే మీకు చెప్పాలనుకున్నది. ఏ మందు వల్ల రోగం వచ్చిందో, అదే మందు రాస్తే తగ్గినట్టు ఉంటుంది. మానేస్తే పొంగుతుంది, రాస్తే అణుగుతుంది. అందుకే నాలాంటివాళ్ళు క్రీమ్‌ను దేవుడిచ్చిన మందనుకుంటారు, తప్పు తమ చర్మానిదే అనుకుంటారు.

వారం తర్వాత స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆమె నా ముఖం కంటే ముందు ట్యూబు అడిగింది. వెనక్కి తిప్పి ఒక్కో పేరూ చదివించింది. మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మొదటిది స్టెరాయిడ్, రెండోది రంగు తయారవడాన్ని ఆపేది, మూడోది పై పొరను తొందరగా రాలగొట్టేది. మంగు మచ్చలకు మచ్చ మీద మాత్రమే, కొన్ని వారాల పాటు మాత్రమే, తమ కంటి ముందు ఉంచుకుని వాడిస్తారట. “నువ్వు ముఖమంతా నాలుగు నెలలు పూశావు నాయనా” అంది. స్టెరాయిడ్ రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి మొదట్లో ముఖం తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. రాను రాను చర్మం పలుచబడుతుంది, నరాలు తేలతాయి, ఎండ ఓర్చుకోలేదు, మానితే మంట. ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులు 14 రకాలను డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదని 2018లోనే కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. నేను కొన్నది ఆ మరుసటి ఏడే.

కాబట్టి మీ ఎనిమిదీ బల్ల మీద పెట్టి వెనక్కి తిప్పండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లుయోసినోలోన్ అనే స్టెరాయిడ్ పేర్లు ఎక్కడైనా ఉన్నాయా చూడండి. పార్లర్ డబ్బా మీద అసలు ఏ పేరూ లేకపోతే అది ఇంకా ప్రమాదం. చర్మం తెల్లబరిచే ఊరూపేరూ లేని క్రీముల్లో పాదరసం కూడా ఉండొచ్చు. 2023లో కేరళలోని మలప్పురంలో అలాంటి క్రీములు వాడినవాళ్ళకు కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు.

నాకు మామూలు ముఖం తిరిగి రావడానికి ఆరు నెలలు పట్టింది. డాక్టర్ ఆ మందును ఒక్కసారిగా ఆపించలేదు, మెల్లమెల్లగా తగ్గించింది. ఆరు నెలలూ నాకు మిగిలినవి మూడే: వాసన లేని మెత్తని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. మీకు కావలసిన రొటీన్ కూడా అదే. మిగతావన్నీ తర్వాత సంగతి.

నా చర్మం ఏ రకమో కూడా ఆ ఆరు నెలల్లోనే తెలిసింది. మందులు, సబ్బులు దాడి చేస్తున్నంతకాలం చర్మం తన అసలు గుణం చూపించదు. ఇప్పుడు మీరు చేసుకునే పరీక్ష తప్పుగానే వస్తుందని నా గట్టి నమ్మకం. అంతా సర్దుకున్నాక ఒకరోజు మెత్తని ఫేస్‌వాష్‌తో కడిగి, ఏమీ రాయకుండా ఓ గంట ఫ్యాన్ కింద కూర్చోండి. తర్వాత టిష్యూ కాగితం నుదుటికి, ముక్కుకు, బుగ్గలకు విడివిడిగా అద్దండి. నాకు నుదురు, ముక్కు దగ్గర నూనె అంటింది, బుగ్గల దగ్గర కాగితం పొడిగానే ఉంది. అంటే మిశ్రమ చర్మం. ఇన్నాళ్ళూ జిడ్డు చర్మమనుకుని నా పొడి బుగ్గలను సబ్బుతో తోమాను. చర్మం పైపొర స్వతహాగా కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు 9, 10 దగ్గర క్షారం. రోజుకు ఆరుసార్లు క్షారంతో కడిగితే ఏ చర్మమైనా ఏడుస్తుంది.

ఇప్పుడు వరుస. పొద్దున కడుక్కోవడం, పలచటి జెల్ మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్. రాత్రి కడుక్కోవడం, మాయిశ్చరైజర్, అంతే. జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఎందుకని మానకండి, నేను మానే చెడ్డాను. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 చాలు, అది చర్మాన్ని కాల్చే ఎండ కిరణాల్లో (యూవీబీ) 97 శాతం దాకా ఆపుతుంది, 50 అయితే 98. తేడా అంతే. అసలు తేడా ఎంత రాస్తున్నామన్న దాంట్లో ఉంది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. బొట్టంత రాసుకుని పని చేయలేదని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ. ఎండలో తిరిగేవాళ్ళు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. నేను బండి ఆపినప్పుడల్లా టీ కొట్టు నీడలో రాసుకుంటాను, ఎవరైనా నవ్వితే నవ్వనిస్తాను. కొండ మీద కళ్యాణకట్టలో గుండు చేయించుకుని, చందనం పూసుకుని మండుటెండలో నడిచే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది. చందనం మంచిదే, కానీ అది ఎండను ఆపదు. ఆ లేత తలకు ఒక టోపీ పెట్టండి.

మీ దగ్గరున్న మిగతావాటిని చర్మం కుదుటపడిన తర్వాత ఒక్కొక్కటిగా, నెలకొకటి చొప్పున మొదలుపెట్టండి. ముందు చెవి వెనక రాసి రెండు రోజులు చూడండి. నాకు మొటిమలకు పనిచేసింది బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. 5, 10 శాతాల కోసం ఎగబడకండి, మంట ఎక్కువవుతుంది తప్ప పెద్ద లాభం ఉండదు. అది బట్టల రంగు పోగొడుతుంది. మా అమ్మ కొత్త తువ్వాలు ఒకటి దానికి బలైంది, కాబట్టి తెల్ల దిండు గలీబు వాడండి. ఏది మొదలుపెట్టినా ఆరు వారాలైనా చూడనిదే తీర్పు చెప్పకండి. తలనూనె రాత్రికి పెట్టుకుని పొద్దున తలస్నానం చేయండి, హెల్మెట్ లోపలి గుడ్డ వారానికోసారి ఉతకండి. నా నుదుటి మొటిమలు సగం ఈ రెండింటితోనే పోయాయి. నిమ్మరసం రాయమని చెప్పే వీడియోలను మాత్రం నమ్మకండి. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టయి నల్ల మచ్చలు పడతాయి. అవ్వ నలిపి పెట్టే పెసరపిండి ఒంటికి బాగానే ఉంటుంది, మొటిమలున్న ముఖానికి మాత్రం రుద్దకండి.

పార్లర్ క్రీమ్ మూడు నెలలు రాశానన్నారు కాబట్టి ఇది చదివి భయపడి ఈ రాత్రే మీ అంతట మీరు ఆపి కూర్చోకండి, నేను పడిన మూడు రోజులు మీరు పడొద్దు. రేపే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మేకప్, పౌడర్ ఏదీ లేకుండా కడిగిన ముఖంతో వెళ్ళండి. ఆ డబ్బా పారేయకుండా వెంట తీసుకెళ్ళి, ఏ నెలలో మొదలుపెట్టారో, రోజుకు ఎన్నిసార్లు రాశారో ఉన్నదున్నట్టు చెప్పండి.