బోటు కొనే ముందు దాని అడుగు చూడండి

మృగశిర కార్తె రోజు పొద్దున్నే నేనూ మా మేనల్లుడూ రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో ఉన్నాం. వాడు హ్యూస్టన్ వెళ్లి ఎనిమిది నెలలైంది, సెలవుకి ఇంటికొచ్చాడు. నేను కొరమీను బేరమాడుతుంటే ఫోన్ నా ముందు పెట్టి, "మామా, ఈ బోటు ఎట్లుంది? అడ్వాన్స్ పంపాల్నా?" అన్నాడు. ఫొటోల్లో మోటారు ఉంది, మెత్తటి సీట్లున్నాయి, చేపల్ని చూపించే తెర ఉంది. బోటు అడుగు మాత్రం ఒక్క ఫొటోలోనూ లేదు. "ముందు అడుగు ఫొటో తెప్పించు" అన్నాను. నేనూ అక్కడే ఉంటాను, అమెరికాకు కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను చాలాసార్లు అడిగే సంగతే ఇది. అందుకే వాడికి చెప్పింది ఇక్కడ రాస్తున్నాను.

మన చెరువుల్లో తిరిగే పుట్టిని గుర్తు చేసుకోండి. కొద్దిపాటి నీళ్లలో తేలాలి, వలా చేపలూ మోయాలి, ఒక్క మనిషి ఒడ్డుకు లాక్కోగలగాలి. గుండ్రటి అడుగు ఈ పనులన్నీ చేస్తుంది. ముక్కూ వెన్నూ లేవు కాబట్టి తెడ్డు తప్పితే గిర్రున తిరుగుతుంది. చెరువులో అది లోపం కాదు. కానీ దాన్ని విశాఖ అలల్లోకి ఎవరూ దింపరు.

అమెరికాలో చవగ్గా దొరికేది జాన్ బోటు. అడుగు పళ్లెంలా చదునుగా ఉంటుంది. జానెడు నీళ్లలోనూ పోతుంది, చిన్న మోటారు చాలు, నిలబడి గాలం విసిరినా ఊగదు. నా మొదటి బోటు అదే, 14 అడుగుల పొడవుది. చెరువులాంటి నీళ్లలో రెండేళ్లు హాయిగా తిరిగాను. ఆ ధైర్యంతోనే ఒక వేసవిలో హ్యూస్టన్ దగ్గర సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన గాల్వెస్టన్ బేకి తీసుకెళ్లాను. ఆ బే సగటు లోతు రెండు మీటర్లే. లోతు తక్కువైన చోట గాలి లేస్తే అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలైంది. ప్రతి అలకూ బోటు అడుగు చెంపదెబ్బలా చప్పుడు చేసింది, ముందు నుంచి నీళ్లు లోపలికొచ్చాయి. మా ఆవిడ పిల్లాణ్ణి ఒళ్లో అదిమిపట్టుకుని కూర్చుంది. ఒడ్డు చేరేదాకా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ముఖం నాకిప్పటికీ గుర్తే.

చదును అడుగు స్థిరంగా ఉన్నట్టు అనిపించడంలో ఒక మోసం ఉంది. కొంత వాలేదాకా గట్టిగా నిలబడుతుంది, ఆ హద్దు దాటితే మాత్రం ఒక్కసారిగా తిరగబడుతుంది. ఇంగ్లిష్ V అక్షరంలా ఉండే వీ ఆకారపు అడుగు మొదట్లోనే అటూఇటూ ఊగి భయపెడుతుంది, కానీ వాలేకొద్దీ పక్క భాగం నీటిని ఒత్తి నిలదొక్కుకుంటుంది. ఈ వీ ఎంత లోతో చెప్పే కొలతే డెడ్‌రైజ్. బోటు వెనక చివర దాన్ని డిగ్రీల్లో చూస్తారు. 20 దాటితే డీప్ వీ. 1960లో మయామీ–నసావు మోటారు బోట్ల పందెంలో బోట్ల డిజైనర్ రే హంట్ గీసిన డీప్ వీ బోటు ఉగ్రమైన సముద్రాన్ని కోసుకుంటూ గెలిచాకే ఈ ఆకారానికి పేరొచ్చింది. అయితే దానికి లోతు కావాలి, పెద్ద మోటారు కావాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆగితే ఊగుతుంది.

ఒక వారం హ్యూస్టన్ దగ్గరి కాన్రో చెరువు, ఇంకో వారం బే అంచు, ఎప్పుడైనా పిల్లలతో షికారు. మనవాళ్ల వాడకం మామూలుగా ఇలాగే ఉంటుంది. దానికి నేను మాడిఫైడ్ వీ తప్ప ఇంకోటి చెప్పను. ముందు కత్తిలా పదునుగా మొదలై, వెనక్కి వచ్చేసరికి 10–15 డిగ్రీలకు చదునవుతుంది. 16, 17 అడుగుల అల్యూమినియం బోటు, ముందు గోడలు ఎత్తుగా ఉన్నది చూసుకోండి. మామూలు కారు కూడా లాగగలిగిన బరువే ఉండొచ్చు, కానీ మీ కారు లాగే పరిమితి ముందు చూసుకోండి. మూడు పొట్టల ట్రై హల్ నిలకడగా ఉంటుంది గానీ అలల్లో దబదబా కొడుతుంది. పొడవాటి బోలు గొట్టాల మీద చదును అరుగు పరిచినట్టుండే పాంటూన్ షికారుకే బాగుంటుంది.

పాతది కొంటుంటే మోటారు తగిలించే వెనక గోడ చూడండి. పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది, అది తడిసి కుళ్లుతుంది. మోటారును పట్టుకుని కిందికి నొక్కితే గోడ కదిలిందా, వదిలేయండి. ప్లాస్టిక్ సుత్తితో కొడితే గట్టి చోట టక్కున మోగుతుంది, కుళ్లిన చోట బొదబొదమంటుంది. అల్యూమినియం అయితే రేకుల్ని కలిపి బిగించే రివెట్ల దగ్గర నీరు కారుతుందేమో చూడాలి.

20 అడుగుల లోపు మోటారు బోట్లకు ఎంతమంది, ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్ అని చెప్పే రేకు బిగించి ఉంటుంది. ఆదివారం రెండు కుటుంబాలు, బిర్యానీ గిన్నె, ఐసు పెట్టె కలిపితే ఆ లెక్క ఇట్టే దాటుతుంది. ఎవరు మొహమాటపెట్టినా దాటించకండి. టెక్సస్‌లో 13 ఏళ్లలోపు పిల్లలకు నడిచే బోటులో లైఫ్ జాకెట్ తప్పనిసరి. పెద్దలూ వేసుకోండి, మనలో చాలామందికి ఈత రాదు. నడిపే మనిషి జారిపడితే మోటారును ఆపేసే తాడును ఆ మనిషి ఒంటికి తగిలించుకోవాలి, చిన్న బోట్లకు 2021 ఏప్రిల్ నుంచి ఇది చట్టం. 1993 సెప్టెంబరు 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ మించిన బోటు నడపాలంటే టెక్సస్‌లో బోటింగ్ కోర్సు చేసి ఉండాలి. మావాడు ఆ కోవలోనే ఉన్నాడు, కోర్సు సంగతే తెలియదు వాడికి.

ఇంటికొచ్చాక అక్క కొరమీను పులుసు వడ్డిస్తూ, "అక్కడ ఇది దొరకదంట కదరా" అంది. నిజమే, ప్రాణంతో ఉన్న కొరమీనును అమెరికాలోకి తెచ్చుకోవడం 2002 నుంచి నిషేధం. బేలో రెడ్‌ఫిష్ పడితే పులుసు పెట్టి ఫొటో పంపుతానన్నాడు వాడు. అంతలో ఫోన్ మోగింది. అమ్మే ఆయన అడుగు ఫొటో పంపాడు. చదునుగా ఉంది, మధ్యలో రెండు రివెట్ల చుట్టూ కారడం ఆపే సీలెంట్ పూసి ఉంది. అడ్వాన్స్ పంపలేదు వాడు. వచ్చే నెల నేను తిరిగి వెళ్లాక ఇద్దరం కలిసి చూడబోతున్నాం, గాలి లేచే మధ్యాహ్నం పూట.