ఏట్లో ఉంటే లంక, కడలిలో ఉంటే ద్వీపమా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మాది తాడేపల్లి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సాంఘికశాస్త్రం ప్రాజెక్టుకి "మన నదుల్లో, సరస్సుల్లో ద్వీపాలు" అని పేరు పెట్టి భవానీ ద్వీపం, కొల్లేరు, పట్టిసీమ, నాగార్జునకొండ, అస్సాంలోని మజూలీ గురించి నాలుగు పేజీలు రాసింది. టీచరుగారు పేరు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, "సముద్రంలో ఉన్నది ద్వీపం, నదిలో ఉన్నది లంక" అని పక్కన రాశారట. మరి భవానీ ద్వీపం అని మనవాళ్ళే బోర్డు పెట్టారు కదా? సరస్సు మధ్యలో ఉంటే ఏమనాలి? పోనీ అన్నిటికీ కలిపి దీవి అనేస్తే గొడవ వదిలిపోతుందా? పేజీల ఫొటోలు పంపుతున్నాను.

సమాధానం: అమ్మా, ఫొటోలు చూశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ముందు అమ్మాయి పక్షాన మాట్లాడి, తర్వాత టీచరుగారి వైపూ కాస్త నిలబడతాను. ఆయన మాటలో పస లేకపోలేదు.

ద్వీపం సముద్రానికి రాసిచ్చిన మాట కాదు. 'ద్వి' అంటే రెండు, 'అప్' అంటే నీరు. ద్వి వంటివి పక్కన చేరినప్పుడు అప్‌లోని అకారం ఈకారమవుతుందని పాణిని ఒక సూత్రమే చేశాడు. మనం పూటకి పదిసార్లు వాడే 'సమీపం' కూడా ఆ సూత్రంతో పుట్టిందే, అందులోనూ నీళ్ళున్నాయి. అంటే ద్వీపానికి వ్యుత్పత్తి అర్థం రెండువైపులా నీరు గలది. నాలుగువైపులా అని లేదు, గమనించారా? ఇటో పాయ, అటో పాయ, నడుమ నేల. ఈ లెక్కన ఆ మాట సముద్రానికంటే ఏటికే బాగా అతుకుతుంది. అమరకోశం కూడా నీటి నడుమనున్న నేల ద్వీపమనీ, అంతరీపమనీ చెప్పి ఊరుకుంది. ఆ నీరు ఉప్పుదా, తీపిదా అని అడగలేదు.

ఇంకా సాక్ష్యం కావాలంటే వ్యాసుణ్ణే పిలుద్దాం. సత్యవతికి ఆయన పుట్టింది యమునానది నడుమ. ద్వీపంలో పుట్టాడు గనక ద్వైపాయనుడు, నల్లనివాడు గనక కృష్ణద్వైపాయనుడు. టీచరుగారి సూత్రాన్ని పట్టుకుంటే ఆయన పేరు మార్చాల్సి వస్తుంది. ఆ సూత్రం రెండో కొసన కూడా నిలవదు. నదిలో ఉన్నదే లంక అయితే సముద్రంలో ఉన్న శ్రీలంక సంగతేమిటి? సిలోను 1972లో శ్రీలంక అయింది. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే మన కవులు రావణుడి లంకని సముద్రం అవతల పెట్టారు. (ఆ లంక మధ్యభారతంలోనే ఎక్కడో ఉండేదని వాదించిన సంకాలియా వంటి పురావస్తు పండితులూ ఉన్నారు. ఆ చర్చలోకి దిగితే మీ అమ్మాయి పదో తరగతికి వచ్చేస్తుంది.) వ్యాసుడు ఒక చివర, రావణుడు ఒక చివర లాగుతుంటే ఆ సూత్రం తెగక ఏమవుతుంది?

ఇక టీచరుగారి వైపు. ఆయన చెవి సరైనదే. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏ రైతు నోటా ఏటి నడుమ నేలని ద్వీపం అనగా వినం. మొన్న రైతుబజారులో ఒకావిడ "లంక వంకాయలండీ, మెట్టవి కావు, చేత్తో నొక్కి చూడండి" అంటోంది. ఆ వంకాయల్ని ద్వీపం వంకాయలని ఎంతమంది పండితులు కూర్చుని తీర్మానించినా అమ్ముడుపోవు. రెవెన్యూ కాగితాల్లో ఉన్నది లంక భూమి. కొల్లిపర, కొల్లూరు వైపు వెళ్తే అన్నవరపులంక, పోతార్లంక, పెసర్లంక. గోదావరికి వెళ్తే బొబ్బర్లంక, పిచ్చుకలంక. ఆ గోదావరి లంకల్లో పండిన పొగాకు లంక పొగాకు. దాని చుట్టని దొరలు 'లుంకా' అని పలుకుతూ కాల్చేవాళ్ళు. మన మాట పొగై దొరల సీమదాకా పోయిందన్నమాట.

ఇంతకీ లంక అంటే ఏమిటి? వరద తీశాక ఏటి నడుమ ముందు ఇసుక తిప్ప తేలుతుంది. దానిమీద రెల్లు మొలుస్తుంది. మరుసటేడు వరద వచ్చినప్పుడు ఆ రెల్లు దుబ్బులు బురదనీటిని ఆపుతాయి, ఒండ్రు దిగుతుంది. ఏడాదికింత చొప్పున మెరక వేస్తూ పోతే కొన్నాళ్ళకి నాగలి దిగే నేలవుతుంది. అరటి, పసుపు, కంద వేస్తారు. అప్పుడది లంక. తిప్ప నిలవనిది, లంక కాస్త నిలదొక్కుకున్నది. అదీ ఎంతకాలం? ఏరు ఇవతలి ఒడ్డు నుంచి పక్కకి ఒరిగిందంటే ఏడాదిలో సగం లంక కోసుకుపోతుంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోయిన రోజున లంకల్లో పడవలు అరటిచెట్ల తలల మీదుగా తిరిగాయి. "లంకమేత, గోదారి ఈత" అని సామెత. గేదెకి లంకలో గడ్డి పుష్కలమే, కానీ అది మేసి ఇంటికి రావాలంటే ఏరు ఈదాలి. తిన్నదంతా ఈతకే సరి.

నాకు అర్థమైనంతలో తేడా ఇక్కడుంది. ద్వీపం అన్నప్పుడు మన చూపు చుట్టూ ఉన్న నీటి మీద ఉంటుంది, లంక అన్నప్పుడు ఏరు తెచ్చిపోసిన మట్టి మీద ఉంటుంది. నమ్మకపోతే విజయవాడ బస్టాండు వెనక్కి నడవండి. అది కృష్ణలంక. మేడ మీద మేడ, సందులో సందు, ఏటి వైపు ఎత్తైన గోడ. దాని చుట్టూ నీళ్ళెక్కడివి? అయినా దాన్ని లంక అనడం మనం మానలేదు, మానం. వేసవిలో ఏరు ఎండి ఇసుకలో నడిచిపోయే దారి పడినా అవతలిది లంకే. ద్వీపానికి మాత్రం నీరు తీసేస్తే పేరు కూడా పోతుంది.

ఈ కొలతతో మీ అమ్మాయి జాబితా చూద్దాం. పట్టిసీమ గోదావరి నడుమే ఉంది, అయినా పట్టిసం లంక అని ఎవరూ అనరు. వీరభద్రుడు కొలువున్నది రాతిగుట్ట మీద. దాన్ని గోదావరి తెచ్చిపోయలేదు, చుట్టి పోతోందంతే. నాగార్జునకొండ మరీ చిత్రం. సాగరం నిండకముందు అది చుట్టూ లోయ ఉన్న కొండ. 1955లో ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది. నీళ్ళు నిలబెట్టాక లోయ మునిగింది, కొండ కొన మాత్రం పైన మిగిలింది. లోయలో తవ్వితీసిన బౌద్ధ శిల్పాల్ని ఆ కొనమీదికి చేర్చారు. ఇప్పుడు లాంచీ ఎక్కి వెళ్తాం. నీళ్ళొచ్చి దాన్ని ద్వీపం చేశాయి గానీ పేరు మాత్రం కొండగానే ఉండిపోయింది. ఈ రెంటికీ ద్వీపమే సరైన మాట. లంక అంటే తప్పు. అంటే టీచరుగారి దిద్దుబాటు యథాతథంగా పాటిస్తే అమ్మాయి ప్రాజెక్టులో రెండు కొత్త తప్పులు చేరతాయి.

కొల్లేటి సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. సరస్సు నడుమ ఉన్నదానికి వేరే పేరు వెతకక్కర్లేదు. అక్కడి ఊళ్ళ పేర్లే చెబుతున్నాయి: గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, కొవ్వాడలంక. కృష్ణా గోదావరుల ఒండ్రు మధ్య మిగిలిపోయిన పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే మట్టి అందులోనే దిగుతుంది. కాబట్టి అక్కడి మెరకలు లంకలే అయ్యాయి. అన్నట్టు అమ్మాయి "కొల్లేరు లంకలు" అని రాసింది. పత్రికలూ అలాగే రాస్తున్నాయి. తెలుగుతనం మాత్రం "కొల్లేటి లంకలు"లో ఉంది. ఏరు ఏటి అవుతుంది, కొల్లేరు కొల్లేటి అవుతుంది. పెద్దింట్లమ్మ ఉన్న ఊరు కొల్లేటికోట గానీ కొల్లేరుకోట కాదు కదా! "నన్ను నట్టేట ముంచాడు" అనేవాడు కూడా తెలియకుండానే ఈ వ్యాకరణం పాటిస్తాడు. నడు, ఏరు కలిసి నట్టేరు, అది కాస్తా నట్టేట.

భవానీ ద్వీపం బోర్డు తప్పు కాదు. సుమారు 130 ఎకరాల నేల, చుట్టూ కృష్ణ. ద్వీపమే. అయితే ఒండ్రుతో ఏర్పడింది గనక లంక అన్నా సరిపోయేది. భవానీ లంక అని పెడితే ఎంత బాగుండేదో! పేరు పెట్టినవాళ్ళకి లంక అనగానే హనుమంతుడి తోక గుర్తుకొచ్చి భయం వేసిందేమో. మజూలీని "మజూలీ నదీద్వీపం" అని రాయడం బాగానే ఉంది. రెండూ సంస్కృత పదాలు గనక సమాసంలో దీర్ఘం ఉండాలి. "నది ద్వీపం" అని విడగొట్టి రాయకండి. బ్రహ్మపుత్ర నడుమ ఇసుక మేటల్ని అస్సామీలు చాపరి అంటారు, బెంగాలీలు చర్ అంటారు. మన లంకకి వరసకి అక్కచెల్లెళ్ళు. ఇంట్లో అమ్మాయికి అర్థం కావడానికి "బ్రహ్మపుత్రలో పెద్ద లంక" అని చెప్పండి, వెంటనే పట్టుకుంటుంది. గద్వాల, అలంపురం వైపు కృష్ణా తుంగభద్రల నడుమ నేలని నడిగడ్డ అంటారు. కన్నడంలో ఆ నడుగడ్డె అనే మాటకే ద్వీపమని అర్థం. ఇది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

దీవితో గొడవ వదలదు. ద్వీపానికి వికృతి దీవి, దీపానికి వికృతి దివ్వె. అర్థంలో తేడా లేదు, వాడుకలో ఉంది. అండమాన్ దీవులు, లక్కదీవులు, మాల్దీవులు అని సముద్రం వాటికి దీవి అలవాటైంది. మన దగ్గరా కృష్ణ సముద్రంలో కలిసే చోటే ఆ మాట వినిపిస్తుంది. నాగాయలంక వైపు నుంచి పంటు ఎక్కి ఎదురుమొండి దీవికి పోతారు. అదే చుట్టుపక్కల ఈలచెట్లదిబ్బ ఉంది, పేరులోనే దిబ్బ. దివిసీమలో ఉన్నదీ ఈ దీవే, స్వర్గం కాదు. చేబ్రోలులో శాసనం వేయించిన కాకతీయుల జాయప సేనాని ఆ దివిని ఏలిన అయ్య వంశంవాడు. కొల్లేటి దీవులు, ఏటి దీవులు అంటే తప్పని ఎవరూ కొట్టెయ్యలేరు. కానీ వినగానే పరాయి ఊరివాళ్ళు రాసినట్టుంటుంది.

అందువల్ల ప్రాజెక్టు పేరు ఉన్నదున్నట్టు ఉంచెయ్యమనండి. ద్వీపాలు అన్నది పై పేరుగా అన్నిటినీ ఇముడ్చుకుంటుంది. లోపల మాత్రం భవానీ ద్వీపం పక్కన లంక అని కూడా రాసి, కొల్లేరు లంకల్ని కొల్లేటి లంకలని మార్చితే టీచరుగారికీ మనసు నెమ్మదిస్తుంది.

ఒక్క సంగతి మిగిలింది. మూడో పేజీ కింది నుంచి రెండో వరుసలో "భవానీ ద్విపం" అని దీర్ఘం లేకుండా పడింది. ద్విపం అంటే ఏనుగు. తొండంతో ఒకసారి, నోటితో ఒకసారి తాగేది గనక ఆ పేరు. ఆదివారాల్లో జనం టికెట్టు కొనుక్కుని పడవలో ఆ ఏనుగు మీదికి వెళ్తున్నారని ఉంది అక్కడ. ఎర్రసిరా దాని పక్కనుంచే పోయింది, దాన్ని తాకలేదు. అమ్మాయినే దిద్దుకోమనండి.