అట్టపెట్టెలూ అరటి తొక్కలూ: కంపోస్టుకు ఇంట్లోనే చేసుకునే పనిముట్లు

న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మొదటి వేసవిలోనే పెరట్లో కంపోస్టు మొదలుపెట్టే మనవాళ్లు నన్ను తరచుగా అడిగే సందేహం, వంటింటి తొక్కలనూ అట్టపెట్టెలనూ ముక్కలు చేయడానికి ఏ యంత్రం కొనాలన్నది. ఏదీ కొననక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంటి సామాన్ల దుకాణంలో దొరికే 5 గ్యాలన్ల బకెట్, అంటే సుమారు 19 లీటర్లది ఒకటి తెచ్చి, అడుగు పగలకుండా లోపల ఒక గుండ్రటి చెక్క వేయండి. అంచు తిన్నగా ఉండే స్పేడును (నిలువు పిడి ఉన్న పారను) ఆకురాయితో సానపట్టి, బకెట్‌లో మూడో వంతు వరకు తొక్కలు వేసి, రోట్లో రోకలి వేసినట్టు నిలబడి పైనుంచి పొడిస్తే, అయిదు నిమిషాల్లో అంగుళం, రెండంగుళాల ముక్కలవుతాయి. అంతకన్నా మెత్తగా అక్కర్లేదు. మిక్సీలో తిప్పిన ముద్దలోకి గాలి చొరబడదు కనుక అది కుళ్లి వాసన వేస్తుంది. పైగా ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడి 120 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా సరిగా నడవదు. మునక్కాడల పిప్పిని మాత్రం ముందే కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. మామిడి టెంకలతో, కొబ్బరి చిప్పలతో కుస్తీ పట్టకండి, వాటిని పక్కన పెట్టేయండి.

డ్రిల్లుకు బ్లేడు బిగించి బకెట్‌లో తిప్పే ఉపాయం కూడా కొందరు చెబుతారు. నేనూ ఒకసారి చేశాను. మునక్కాడ పీచు చుట్టుకుని బ్లేడు ఊడి, బకెట్ గోడను చీల్చుకుని బయటికి వచ్చింది. పిల్లలున్న ఇంట్లో ఆ సాహసం వద్దు.

అట్టపెట్టెల పని ఇంకా సులువు. టేపులూ చీటీలూ ప్లాస్టిక్‌వి అయితే మట్టిలో కలవవు కనుక ముందే పీకేసి, పెట్టెను రాత్రంతా నీళ్ల తొట్టిలో నానబెట్టాలి. ముడతల అట్ట పొరలను అతికించేది సాధారణంగా పిండి జిగురే కాబట్టి, తెల్లారేసరికి పొరలు విడిపోయి, తడి అప్పడంలా చేత్తోనే చిరుగుతాయి. సీరియల్ డబ్బాల వంటి పలుచటి అట్టలను కాగితాలను సన్నగా చీల్చే ష్రెడ్డర్‌లో వేయవచ్చు గానీ, ముడతల అట్ట వేస్తే ఇంటి ష్రెడ్డర్ ఇరుక్కుపోతుంది. టేపు తీయని పెట్టె ఒకటి నా ష్రెడ్డర్ పళ్లు విరిచేసింది.

తొక్కల్లో నత్రజని, అట్టలో కర్బనం ఎక్కువ. కంపోస్టులో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలంటారు. కొలతల గొడవ లేకుండా, ఒక బకెట్ తొక్కలకు రెండు బకెట్ల అట్ట ముక్కలు వేస్తే చాలు. నూనె పట్టిన కూరలూ మాంసమూ వేస్తే ఎలుకలు వస్తాయి.

చలికాలంలో మాటిమాటికీ స్పేడు తీయవలసిన పని కూడా లేదు. గడ్డకట్టిన తొక్కల్లోని కణాలు పగిలి, కరిగేసరికి వాటంతటవే మెత్తబడతాయి కనుక, వాటిని మూతబకెట్‌లో బయట ఉంచి, మార్చిలో ఒకసారి పొడిచి, అట్టతో కలిపి కుప్పలో వేయండి.