‘ఔట్’ పక్కన ‘ఆఫ్’ ఎందుకు?

ప్రశ్న: ‘హి ర్యాన్ ఔట్’ అంటే సరిపోతుంది. గది పేరు చేర్చగానే ‘ఔట్ ఆఫ్ ద రూమ్’ అనాలంటారు. ‘గో బ్యాక్’ పక్కన ‘టు’ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. మాట్లాడాలంటేనే టెన్షన్. దీనికో పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. ముందు తెలుగు వాక్యమే చూడండి: ‘గదిలోంచి బయటికి పరిగెత్తాడు’. ‘బయటికి’ అన్నది దిశ. ‘లోంచి’ ఆ దిశను గదికి ముడివేస్తుంది. ఇంగ్లీషులో మొదటి పని ‘ఔట్’ది, రెండోది ‘ఆఫ్’ది. గది ప్రస్తావనే లేకపోతే ముడి అక్కర్లేదు, అందుకే ‘హి ర్యాన్ ఔట్’ నిండు వాక్యం. వరస మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది: మనకు చోటు, దిశ, క్రియ, ఇంగ్లీషులో క్రియ, దిశ, చోటు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఈ పోలిక చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

‘గో బ్యాక్ టు ద ఆఫీస్’, ‘కమ్ బ్యాక్ ఫ్రమ్ ద ఆఫీస్’, ‘రన్ అవే ఫ్రమ్ ద డాగ్’ అన్నీ ఈ దారిలోవే. మరి ‘గో బ్యాక్ హోమ్’లో ‘టు’ ఏమైంది? అక్కడ ‘హోమ్’ అంటే ‘ఇల్లు’ కాదు, ‘ఇంటికి’. ‘కి’ అందులోనే ఉంది. ‘హియర్’, ‘దేర్’ కూడా అంతే: ‘కమ్ ఓవర్ హియర్’.

ఆలోచన తట్టిందనడానికి వాడే ‘కమ్ అప్ విత్’ వేరు. అందులో ఎవరూ ఎటూ కదలరు. ఆ మూడు ముక్కలూ కలిపి ఒకే మాటగా నేర్చుకోండి, విడదీస్తే అర్థం దొరకదు.