చారలా, గీతలా? గరుకుకు ఎదురుమాట ఏది?

సందేహం: నల్లగొండ దగ్గర అంగన్‌వాడీలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు చెబుతాను. చారలు, గీతలు, గళ్లు, చుక్కలు, మచ్చలు – వీటి తేడా వాళ్లకు ఎట్లా చెప్పాలి? అన్నిటికీ కలిపి ‘నమూనా’ అనవచ్చా? గరుకుకు వ్యతిరేక పదం ‘మెత్తన’ అని చెబుతున్నాను, సరేనా?

సమాధానం: చివరి ప్రశ్నే ముందు తీసుకుంటాను, ఎక్కువ పొరపాటు అక్కడే జరుగుతుంది. గరుకుకు ఎదురు నునుపు. మెత్తనకు ఎదురు గట్టి. మొదటి జంట చేయి జరిపితే తెలుస్తుంది, రెండోది వేలితో నొక్కితే తెలుస్తుంది. పిల్లల ముందు ఒక గొంగడి ముక్క, ఒక వాగు గులకరాయి పెట్టండి. గొంగడిని నొక్కితే వేలు దిగుతుంది, మెత్తన. అదే గొంగడి మీద అరచేయి జరిపితే ఉన్ని కుచ్చుకుంటుంది, గరుకు. గులకరాయి గట్టిది, అయినా నునుపు. గరుకుకు మెత్తనను ఎదురు పెట్టి నేర్పిస్తే పిల్లవాడు గొంగడి దగ్గర తికమకపడతాడు. అది వాడి తప్పు కాదు. రోజుకు ఒక జంట చాలు. బొమ్మ చూపించి గరుకు అని మాత్రం చెప్పకండి. బొమ్మ వేసిన కాగితం నున్నగానే ఉంటుంది కదా.

‘బరక’ను పిండికి, రవ్వకు ఉంచండి. జొన్నలు బరకగా పట్టిస్తాం. గోడను గరుకు అంటాం.

ఇక కంటికి కనిపించేవి. వీటి తేడాను మన క్రియలే చెబుతాయి. గీత గీస్తాం, చుక్క పెడతాం, మచ్చ పడుతుంది. వాకిట్లో ముగ్గు వేసేటప్పుడు చుక్కలు పెట్టి గీతలు కలుపుతారు. అక్కడ ‘మచ్చ’ అనే మాటే రాదు. అంగీ మీద కూర ఒలికితే మాత్రం మచ్చే. చుక్క చిన్నది, గుండ్రనిది. మచ్చకు ఒక రూపమంటూ ఉండదు. మన రాష్ట్ర జంతువైన జింకను మచ్చల జింక అన్నా, చుక్కల జింక అన్నా ఒప్పే. చార అంటే రంగు పట్టీ: ఉడుత వీపు మీద మూడు, అమ్రాబాద్ అడవిలో పులి ఒంటి నిండా. చెంప మీద కన్నీటి చార కూడా ఆ మాటే. ఉడుత మీద ‘గీతలు’ ఉన్నాయని పిల్లలంటే తప్పు పట్టకండి, రెండు మాటలూ వాడుకలో ఉన్నాయి.

చారలు, గళ్ల సంబంధాన్ని చేసి చూపించాలి. చార్ట్ కాగితాన్ని 2 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. పొడవు పట్టీలుగా కత్తిరించండి: ఎర్రవి 4, తెల్లవి 4. ఎర్రవాటిని పక్కపక్కనే నిలువుగా పేర్చి పై కొసలు అట్టకు అంటించండి, ఇది పడుగు. తెల్ల పట్టీని ఒకదాని పైనుంచి, ఒకదాని కిందనుంచి దూర్చండి, ఇది పేక. రెండో తెల్ల పట్టీ దానికి తిరగేసి పోవాలి: మొదటిది పైనుంచి పోయిన చోట ఇది కిందనుంచి, కిందనుంచి పోయిన చోట పైనుంచి. నాలుగూ అట్లాగే అల్లితే 16 గళ్లు వస్తాయి. తిరగేయడం మరిచి నాలుగింటినీ ఒకే తీరుగా దూరిస్తే గళ్లు రావు, నిలువు చారలు వస్తాయి, పట్టీలు కూడా జారిపోతాయి. ఆ తప్పును కావాలనే ఒకసారి చేసి చూపించండి, తేడా పిల్లలకు అప్పుడే పట్టుబడుతుంది.

కంటి మాట, చేతి మాట వేరు అని చెప్పడానికి మన ప్రాంతపు నేతకు మించిన పాఠం లేదు. 2016 దాకా నల్లగొండ జిల్లాలోనే ఉన్న పోచంపల్లిలో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగు అద్దుతారు. అందుకే కంటికి అంత డిజైన్ కనిపించినా కళ్లు మూసుకుని తడిమితే చేతికి ఏమీ తగలదు. గద్వాల చీర అట్లా కాదు: ఒళ్లు నూలు, అంచు పట్టు, జరీ. కళ్లు మూసుకున్నా అంచు ఎక్కడ మొదలైందో వేళ్లకు తెలుస్తుంది.

‘నమూనా’ వద్దు, అది మచ్చుకు ఇచ్చే ముక్క. లెక్కల్లో ‘అమరిక’ ఉంది, కానీ ఈ వయసుకు కలిపి చెప్పే మాటతో పనే లేదు. చారల అంగీ, గళ్ల తువ్వాల, చుక్కల లంగా, పూల చీర అని తెలుగులో వేటి పేరు వాటికే ముందు వచ్చేస్తుంది. గుడికి గుళ్లు, బడికి బళ్లు అయినట్టే గడికి గళ్లు. ఒక్కటే ఉన్నప్పుడు ‘గడి’ అని పొట్టిగా పలకండి. దీర్ఘం తీస్తే దొరల గడీ అవుతుంది.