చిన్న కుక్కను సైకిల్ బుట్టలో తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, కానీ బుట్ట కదలకుండా బిగించి ఉండాలి, కుక్కను మెడపట్టీతో కాకుండా ఛాతీకి వేసే హార్నెస్‌తో కట్టాలి. వీధికుక్కను చూసి అది దూకితే మెడపట్టీ ఉరిలా బిగుసుకుంటుంది. హార్నెస్ అయితే ఆ లాగుడు ఛాతీ మీద పడుతుంది. తాడు బుట్ట అంచు దాటనంత పొట్టిగా ఉండాలి.

గాలి తగులుతుంది కదా, ఎండైనా ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మనకు గాలి హాయిగా ఉండేది చెమట ఆరడం వల్ల. కుక్కకు పాదాల అడుగున తప్ప చెమట పెద్దగా పట్టదు. నాలుక చాపి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. చప్పిడి ముక్కు పగ్‌కు అదీ కష్టమే. ఏప్రిల్‌లో దాన్ని హైదరాబాద్‌లోని నెక్లెస్ రోడ్డుకు తీసుకెళ్తే ఉదయం 7 లోపే ఇంటికి చేరాలి. నీళ్లు వెంట ఉన్నా సరే.