పెదనాన్నగారి ఫియట్‌ను రోడ్డెక్కించడానికి ఎఫ్‌డీ తీయొచ్చా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. తెనాలిలో ఉంటాం. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికొచ్చేది 78 వేలు. ఇంటి లోన్ వాయిదా 24 వేలు కలిపి ఖర్చులు 58 వేలు, సిప్‌లకు (మ్యూచువల్ ఫండ్ల నెలవారీ పొదుపు) 8 వేలు పోతాయి. ఎఫ్‌డీ 5.5 లక్షలుంది. మూడేళ్ల కిందట ఒక పాత చేతక్ స్కూటర్‌ను నేనే బాగుచేసుకుని నడుపుతున్నాను. మా పెదనాన్నగారి రైస్ మిల్లు గోదాములో 1969 నాటి ఫియట్ 1100 డిలైట్ ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉంది. ఆయన కాలం చేశారు. అన్నయ్యలు 60 వేలకు ఇస్తామంటున్నారు. మెకానిక్ నాలుగున్నర లక్షలవుతుందన్నాడు. ఎఫ్‌డీలో కొంత తీసి, మూడు లక్షలు పర్సనల్ లోన్ పెడదామనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో ఇలాంటి కార్లకు పది లక్షలు కూడా అడుగుతున్నారు. దీన్ని పెట్టుబడిగా చూడొచ్చా?

జవాబు: ఆ కారు తీసుకోండి. పెట్టుబడి అనుకుని మాత్రం తీసుకోకండి. దానికోసం అప్పు అసలు చేయకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి మా ఇంట్లో జరిగిందే కారణం. నాన్న నడిపిన లాంబ్రెటా స్కూటర్‌ను బాగుచేయిద్దామని నా ఇరవై ఎనిమిదో ఏట మొత్తం విప్పించాను. ఇంజిన్ పని పూర్తయ్యేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. బాడీ షెడ్డులో ఓ మూల, మిగతా సామానంతా మూడు గోనెసంచుల్లో. ఆరేళ్లు అలాగే పడి ఉంది. ఈలోగా ఆ షెడ్డు మరోచోటికి మారింది, హెడ్‌లైటు రింగు, స్పీడోమీటరు ఏమయ్యాయో తెలియలేదు. తుప్పు పట్టినా అన్నీ ఒంటిమీదున్న బండికి ఒక ధర పలుకుతుంది. సగం విప్పిన బండిని పాత ఇనుము లెక్కన అడుగుతారు. ఈ సరదాలో డబ్బు మునిగేది ఎక్కువగా పని మధ్యలో ఆగినప్పుడే. కాబట్టి మీ కారు పని ఎక్కడా ఆగకుండా డబ్బు ఎలా అమర్చుకోవాలన్నదే మనం చూడాల్సింది.

ముందు మెకానిక్ చెప్పిన అంకె సంగతి. ఇరవై ఏళ్లు నిలబడిన కారుకి ఇంజిన్ ఖర్చు ఓ మోస్తరుగా అంచనా వేయొచ్చు. బాడీ ఖర్చు వేయలేం. ఫ్లోరు కింద, డోర్ల అడుగున, మడ్‌గార్డుల లోపల తుప్పు ఎంత తిన్నదో పాత పెయింటు గీకితే తప్ప తెలియదు. టింకరింగ్ మేస్త్రి సుత్తి పట్టాకే అసలు బిల్లు బయటపడుతుంది. అందుకని నాలుగున్నర లక్షలకు మూడోవంతు కలిపి ఆరు లక్షలని రాసుకోండి. కొనే ధరతో 6.6 లక్షలు. ఆపైన ఇన్సూరెన్స్, బ్యాటరీ, టైర్లు, చిల్లర పనులు కలిపి ఏడాదికి 25 వేలనుకుంటే, ఎనిమిదేళ్లు ఉంచుకుని అమ్మేనాటికి మరో రెండు లక్షలు. మొత్తం 8.6 లక్షలు. ఆన్‌లైన్‌లో కనిపించే పది లక్షలు అమ్మేవాళ్లు అడుగుతున్న ధర, ఎవరో ఇచ్చిన ధర కాదు. ఎనిమిది లక్షలకు అమ్ముడైనా మీకు నష్టమే, మీ ఆదివారాలకు కూలి కట్టకుండానే. మూడు లక్షల లోన్ 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే నెలకు 10,250 దాకా కట్టాలి, వడ్డీయే 69 వేలు. పైగా కారు షెడ్డులో ఉన్నా లేకున్నా వాయిదా ఆగదు.

ఇక మీ చేతిలో ఉన్నది. ఎఫ్‌డీలోంచి ఆరు నెలల ఖర్చు, అంటే మూడున్నర లక్షలు ముట్టుకోకండి. సిప్‌లు పిల్లల చదువుకో, మీ రిటైర్మెంటుకో ఉద్దేశించినవే అయి ఉంటాయి, వాటి జోలికీ వెళ్లకండి. ఎఫ్‌డీలో మిగిలిన రెండు లక్షలు మీ ఫియట్‌వి. అందులో 60 వేలు కొనడానికి, 1.4 లక్షలు మొదటి పనికి. నెలకు మిగిలే 12 వేలల్లో పదివేలు వేరే ఖాతాలో రికరింగ్ డిపాజిట్ వేయండి. ఈ లెక్కన పూర్తవడానికి నాలుగేళ్లు పడుతుంది. మీకు అది చాలా కాలం అనిపించవచ్చు. చేతక్‌ను ఓపిగ్గా బాగుచేసిన మనిషికి అది భారం కాదని నా నమ్మకం.

నియమం ఒక్కటే పెట్టుకోండి. ఒక దశకు కావలసిన డబ్బంతా ఖాతాలో చేరాకే ఆ భాగానికి స్పానర్ తగలాలి. మొదటి దశ నడవడం, ఆగడం మాత్రమే: ఇంజిన్, బ్రేకులు, పెట్రోల్ ట్యాంకు, వైరింగ్. కారు చేతికొచ్చిన రోజే తాడు కట్టి లాగించి స్టార్ట్ చేద్దామనే ఉత్సాహం వద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి, చేత్తో తిప్పి చూడాలి. పట్టేసిన రింగుల్ని బలవంతంగా లాగితే, కొద్దిపాటి నూనెతో పోయేది బోరింగ్, పిస్టన్ల ఖర్చుకు తిరుగుతుంది. పెట్రోల్ పైపులు, కార్బరేటర్ రబ్బర్లు కూడా మార్చేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్, ఆ కాలపు రబ్బరును అది తినేస్తుంది. బాడీ, పెయింటు రెండో దశ. సీట్లు, నికెల్ మెరుపులు ఆఖరున. ఇలా వెళ్తే ఏ దశలో ఆగినా మీ ముందు ఉండేది నడిచే కారే.

మీ అదృష్టం ఏమిటంటే అది ఫియట్. 1964లో వచ్చిన డిలైట్, 1972లో వచ్చిన ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని, పేర్లు మారాయి గానీ మూలం అదే 1089 సీసీ బండి. ముంబయిలో పద్మిని ట్యాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి కాబట్టి సామాన్లూ బతికి ఉన్నాయి. ఇక ఆ ట్యాక్సీలూ లేవు. బీడింగులు, లైట్ల అద్దాలు, బ్రేకు సిలిండర్ల వంటివి విజయవాడ ఆటోనగర్‌లో కంటబడితే, పని మొదలుకాకపోయినా కొని పెట్టుకోండి. ముందే కొనమని నేను చెప్పేది ఈ ఒక్క విషయంలోనే.

కాగితాల దగ్గర మాత్రం తొందరపడకండి. ఆర్‌సీ పెదనాన్నగారి పేరుతోనే ఉండి ఉంటుంది. ముందు వారసుల పేరుకు ఫారం 31తో మార్చుకుని, తర్వాత మీ పేరుకు ఫారం 29, 30లతో బదిలీ చేయాలి. అన్నయ్యలే కాదు, అక్కచెల్లెళ్లుంటే వాళ్ల అంగీకారమూ రాతపూర్వకంగా తీసుకోండి. బంధువులే కదా అని వదిలేస్తే, కారు మెరిసిన రోజున మాటలు వస్తాయి. 60 వేలూ బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బానెట్ ఎత్తి ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోతోందో చూడండి. అప్పట్లో చాలామంది పాత కార్లకు డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. అది ఆర్‌సీలో నమోదు కాకపోతే మీరు కొంటున్నది చిక్కునే.

రిజిస్ట్రేషన్‌కు రెండు దారులున్నాయి. 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా ఉన్న బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా నమోదు చేయొచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత 5 వేలు. పాత నంబరూ ఉంచుకోవచ్చు. కానీ ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలు పోయించడానికి తప్ప రోడ్డెక్కకూడదు. రెండోది మామూలు రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కారుకి 2025 ఆగస్టు నుంచి ఫీజు 10 వేలు, ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించాలి. పాత బాకీలు, గ్రీన్ ట్యాక్స్, ఆలస్య రుసుము ఎంతో ఆర్‌టీఓ ఆఫీసులో ముందే లెక్క వేయించుకోండి. అమ్మగారిని ఎక్కించుకుని ఊళ్లో తిరగాలనుంటే రెండోదే మీ దారి. వింటేజ్‌గా నమోదైతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియంలో సగం తగ్గుతుంది గానీ, ఆ కాస్త మిగులు కోసం కారుని గదిలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

పన్ను విషయంలోనూ ఆ దారే మంచిది. వ్యక్తిగతంగా వాడుకునే కారు అమ్మితే వచ్చే లాభం మీద పన్ను ఉండదు. అయితే వాడినట్టు చూపించగలగాలి. 1983లో 20 వేలకు కొన్న 1931 ఫోర్డ్ కారును ఒకాయన 21 లక్షలకు అమ్మి, అది సొంత వస్తువన్నారు. వాడిన ఆధారాలు చూపలేకపోవడంతో బాంబే హైకోర్టు 2025లో పన్ను కట్టాల్సిందేనంది. కాబట్టి ఇన్సూరెన్స్, సర్వీసు బిల్లులు ఏ ఏటివి ఆ ఏడు దాచండి. కారు మీ ఇంట్లోనే ఉండాలి. ఒకటి బాగుచేసి అమ్మి ఇంకొకటి కొనడం మొదలైతే అది వ్యాపార ఆదాయం, లెక్క వేరుగా ఉంటుంది.

ఈ ఆదివారం గోదాముకి ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకెళ్లండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి రుద్ది అచ్చు తీయండి, ఆర్‌సీ ఫొటో తీసుకోండి. ఆ రెంటితో సోమవారం ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్లి రికార్డు ఉందో లేదో కనుక్కోండి. ఉందని తేలాక అన్నయ్యలకు అడ్వాన్సు ఇవ్వండి. ఎఫ్‌డీ ఆ తర్వాతే తీయండి.